కింది గదికి ఎనిమిది పేర్లు

ఇరవై ఆరు ట్యాబులు. ఒక్కోదాని వీపు మీద తెల్ల ప్లాస్టర్ ముక్క, దాని మీద నీలం సిరాతో ఒక అంకె. చిన్న మేడం పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, బీరువా తీసి, వాటన్నిటినీ ఛార్జింగ్ తీగల చిక్కులోంచి విడదీసి, కళ్ళజోడు తుడిచే గుడ్డతో ఒక్కోదాని ముఖం తుడిచి బల్ల మీద పేర్చింది. పసిపిల్లలకు స్నానం చేయించి వరసగా పడుకోబెట్టిన తల్లికైనా అంత ఓపిక ఉండదు. పదిహేడో నంబరుది మూల పగిలింది. దాన్ని మాత్రం ఎవరి వేలికీ గుచ్చుకోకుండా ఇంకో ప్లాస్టర్ ముక్క అంటించి పక్కన పెట్టింది.

చిన్న మేడం అంటే ఇంకా పూర్తి మేడం కాదు. టీచర్ ట్రైనింగులో ఆఖరి ఏడాది, బడిలో నెల రోజులు పాఠాలు చెప్పి చూపించాలి, ఆ నెలలో ఇది చివరి వారం. ఆరో తరగతి పిల్లలకు ఇవన్నీ ఎందుకు? తరగతికి పెద్ద మేడం ఒకావిడ ఉంది గనక ఈ అమ్మాయి చిన్న మేడం. ఒడ్డూ పొడుగూ చూస్తే ఈ అమ్మాయే ఒక జానెడు ఎక్కువ, అది వేరే సంగతి.

ఈసారి కాలేజీ వాళ్ళు ఒక మెలిక పెట్టారు. సుద్దముక్కతో చెప్పే పాఠాలు చెప్పినన్ని చెప్పండి, సగం మార్కులు మాత్రం డిజిటల్ పాఠానికే అన్నారు. శనివారం కాలేజీ సారు వచ్చి ఆఖరి బెంచీలో కూర్చుని చూస్తాడు. అందుకే చిన్న మేడం ఫోనులో వెతికి వెతికి, స్నేహితురాళ్ళను అడిగి, లెక్కల ఆట ఒకటి పట్టుకొచ్చి ట్యాబులన్నిటిలో ఎక్కించింది. ఆట తేలికైనదే. ఒక ప్రశ్న వస్తుంది, కింద నాలుగు జవాబులు, ఇరవై సెకన్ల గడువు. సరైనదాని మీద వేలు పెడితే టింగుమని నక్షత్రం, ఆ వెంటనే ఇంకాస్త గట్టి ప్రశ్న. తప్పు పెట్టినా, అసలు పెట్టకపోయినా ఒక మెట్టు దిగి తేలిక ప్రశ్న. సాయంత్రానికి పిల్లలందరి పేర్లూ ఒక పటంలో నిలబడతాయి, తెలిసినవాళ్ళవి ఆకుపచ్చగా, నడిమివాళ్ళవి పసుపుగా, తెలియనివాళ్ళవి ఎర్రగా.

"ట్యాబుకి అన్నీ తెలుసర్రా. మీకు ఎంతవరకు వచ్చో కనిపెట్టి అక్కణ్నుంచే మొదలుపెడుతుంది," అని చెప్పింది మొదటిరోజు. పిల్లలు దేవుణ్ణి చూసినట్టు చూశారు వాటివంక.

మంగళవారం సాయంత్రం ఆ పటం చూసి పెద్ద మేడం ముఖం విప్పారింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆరో తరగతికి లెక్కలు చెబుతోందావిడ. ఏటా ఈ వారంలోనే, లెక్కలు బొత్తిగా రానివాళ్ళను ఏరి కింది గదికి పంపాలి. మెట్ల కింద ఉంటుంది ఆ గది. అక్కడ రెండో తరగతి లెక్కల నుంచి మళ్ళీ మొదలు. పేరుకు ఆరు నెలలే గానీ, అక్కడికి దిగిన పిల్ల మళ్ళీ పైకి ఎక్కడం బడిలో ఎవరూ చూడలేదు. ఆ సంగతి పిల్లలకూ తెలుసు, తల్లులకూ తెలుసు. ఏటా గేటు దగ్గర నిలబడి, మా పిల్లనే ఎందుకు పంపారు, మీకు గిట్టదనా, అని పెద్ద మేడంని నిలదీస్తారు.

"ఈ ఏడు నాకా బాధ లేదు తల్లీ. నేను పంపలేదు, మిషను పంపిందంటాను. మిషనుకి మీ పిల్ల మీద పగా, నా పిల్ల మీద ప్రేమా ఉంటాయా?"

ఎర్రగా ఉన్నవి లెక్కపెడితే ఎనిమిది. వాటిని ఒక చీటీ మీద రాసి, నాలుగు మడతలు పెట్టి హాజరు పట్టీలో దాచింది పెద్ద మేడం. శనివారం సాయంత్రం ఆఫీసులో ఇచ్చేస్తే సోమవారం నుంచి వాళ్ళు కింద కూర్చుంటారు. చిన్న మేడంకి కూడా సంతోషమే వేసింది. తను తెచ్చిన వస్తువు ఒక పెద్దావిడకి పనికొచ్చింది మరి.

బుధవారం మధ్యాహ్నం నోటుపుస్తకాలు దిద్దుతూ చిన్న మేడం ఒక పుస్తకం దగ్గర ఆగిపోయింది. చీమ పుస్తకం. ఆ పిల్లకు అసలు పేరు ఉందిగానీ, అక్షరాలు చీమల బారులా సన్నగా, ఒకదాని వెనక ఒకటి తోసుకోకుండా రాస్తుందని పిల్లలే అలా పిలుస్తారు. పదిహేను లెక్కలిస్తే పదిహేనూ ఒప్పే. భిన్నాలు, అందులోనూ కింద వేరువేరు అంకెలున్న భిన్నాలు. ట్యాబు తీసి చూసింది. చీమ పేరు అందరికంటే అడుగున ఎర్రగా ఉంది. రెండో తరగతి స్థాయి.

పుస్తకం పట్టుకుని పెద్ద మేడం దగ్గరికి వెళ్ళింది.

"కాపీ కొట్టి ఉంటుంది," అంది పెద్ద మేడం తలెత్తకుండా.

"ఎవరిది మేడం? అటుపక్క పిల్లవి ఆరు తప్పులు, ఇటుపక్క పిల్లవి తొమ్మిది."

"అయితే ఇంట్లో ఎవరో చేసిచ్చి ఉంటారు."

"క్లాసులో నా ముందే చేసింది మేడం."

పెద్ద మేడం కళ్ళజోడు తీసింది. "అమ్మాయ్, ఆ మిషను తెచ్చింది నువ్వా నేనా?"

చిన్న మేడం తిరిగొచ్చి, పుస్తకం ఒక పక్కా ట్యాబు ఒక పక్కా పెట్టుకుని ఇద్దరు చుట్టాల తగువు తీర్చడానికి కూర్చున్నట్టు కూర్చుంది. పుస్తకం చూస్తే పుస్తకం నిజం. ట్యాబు చూస్తే ట్యాబు నిజం. ఏది అడిగినా రెండూ తమ మాటే చెబుతున్నాయి.

గురువారం లెక్కల పీరియడులో చీమ వెనక నిలబడి చూసింది, కిటికీ సరిచేస్తున్నట్టు నటిస్తూ. ప్రశ్న వచ్చింది. చీమ పెదవులు కదిలాయి, చూపుడు వేలు వెళ్ళి సరిగ్గా మూడో జవాబు మీద ఆగింది. ఒప్పు జవాబు అదే. ఏమీ జరగలేదు. వేలు గట్టిగా నొక్కింది. గోరు తెల్లబడేదాకా నొక్కింది. తీసి గౌనుకు రుద్దుకుని మళ్ళీ పెట్టింది. పక్కనుంచి టింగు, వెనకనుంచి టింగు. గడువు అయిపోయి ఇంకో ప్రశ్న వచ్చింది, ఇంకాస్త చిన్నపిల్లల ప్రశ్న. ఇలా నాలుగు మెట్లు దిగాక, చీమ అటూ ఇటూ చూసి, ఎవరూ చూడటం లేదనుకుని, తలవంచి ముక్కు కొనతో జవాబు నొక్కింది.

టింగ్.

పక్కపిల్ల పకపకా నవ్వింది. తలుపు దగ్గర పెద్ద మేడం నిలబడి ఉంది. "ముక్కుతో ఆటలేంటి? అది బొమ్మనుకున్నావా? ఇంకోసారి చూశానంటే ట్యాబు లాగేసుకుంటాను." చీమ నిటారుగా కూర్చుంది. ఆ తర్వాత ఒక్క జవాబూ పెట్టలేదు.

గంట కొట్టాక చిన్న మేడం ఆ పిల్లను ఆపింది. "ముక్కుతో ఎందుకు నొక్కావ్?"

"వేలితో పెడితే అది నన్ను గుర్తుపట్టట్లేదు మేడం."

"ఏదీ, చెయ్యి చూడనీ."

పదకొండేళ్ళ పిల్ల చెయ్యి. వేళ్ళ చివర్లు మాత్రం పదకొండేళ్ళవి కావు. ఎండిన కొమ్మ మీద లక్క కారి గడ్డకట్టినట్టు నున్నగా, గట్టిగా, పసుపుపచ్చగా మెరుస్తున్నాయి.

"బంక మేడం. అమ్మ బైండింగ్ షాపు నుంచి పని తెస్తుంది. సాయంత్రాలు అమ్మా నేనూ పుస్తకాలకి అట్టలేస్తాం. కుట్టు అమ్మది, బంక నాది. రోజుకి నలభై వేస్తాను," అని, ఎక్కువ చెప్పానేమోనని ఆగి, "పెద్దవైతే ముప్ఫై," అంది.

"మరి ఇది పనిచెయ్యట్లేదని మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?"

చీమ ఆశ్చర్యంగా చూసింది. "మీరే చెప్పారుగా మేడం, దానికి అన్నీ తెలుసని. నాకే లెక్కలు రావేమో అనుకున్నా."

వేలు తాకితే ఇంకాస్త తొందరగా పలికేలా మార్చొచ్చేమోనని చిన్న మేడం ట్యాబు సెట్టింగులు తెరిచింది. అది పాస్‌వర్డ్ అడిగింది. ఆఫీసుకెళ్ళి అడిగితే, ట్యాబులు తెచ్చిన ఆయనకి తెలుసన్నారు. ఆయన ఎక్కడంటే బదిలీ అయ్యాడన్నారు. ఎక్కడికంటే, అది మాకెలా తెలుస్తుందన్నారు. తిరిగి వస్తూ ఉంటే మెట్ల దగ్గర ఆయా కాళ్ళు కడుక్కుంటూ కనిపించింది, చేతిలో మడమలు రుద్దుకునే రాయి. అప్పుడు తట్టింది ఉపాయం. తట్టిందే తడవు, ఆ రాయి అడిగి పుచ్చుకుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ కుళాయి దగ్గర చీమను కూర్చోబెట్టి, సబ్బు నురగలో ఒక్కో వేలూ నానబెట్టి, రాయితో రుద్దింది. బంక పొర లేచింది. దాని కింద ముదిరిన చర్మం. అదీ రుద్దింది. రెండు చేతులూ, పది వేళ్ళూ. చీమ ఒక్కసారి చెయ్యి వెనక్కి లాక్కుని, మళ్ళీ తనే ఇచ్చింది.

"నొప్పిగా ఉందా?"

"చలిగా ఉంది మేడం, వేళ్ళకి."

తువ్వాలుతో ఒత్తి తుడిచాక ఆ చివర్లు అప్పుడే పుట్టిన పిల్ల పెదవుల్లా ఎర్రగా వచ్చాయి. ట్యాబు ముందు పెట్టింది. చీమ భయంభయంగా వేలు ఆనించింది. టింగ్. ఇంకోటి. టింగ్. సగం విరామం గడిచేసరికి తొమ్మిది మెట్లెక్కింది. ఎరుపు కాస్తా పసుపయింది. ఇంకొక్క రోజు ఇలా చేస్తే ఆకుపచ్చే, చీటీలో పేరు పెద్ద మేడమే కొట్టేస్తుంది. చిన్న మేడం ఆ పిల్ల భుజం తట్టి, ఆయాకి రాయి ఇచ్చేసి, సాయంత్రం ఏదో పెద్ద బరువు దించుకున్న మనిషిలా ఇంటికి వెళ్ళింది.

ఇంట్లో అమ్మ కుట్టుమిషను దగ్గర ఉంది. ఆవిడ వీధిలో ఆడవాళ్ళ బట్టలన్నీ కుడుతుంది. కూతురు కాళ్ళు కడుక్కోకుండానే కథంతా చెప్పింది, రాయి దగ్గరికి వచ్చేసరికి గొంతులో గర్వం కూడా కలిసింది. అమ్మ కాలు ఆడటం ఆగింది. మిషను చక్రం తనంతట తనే ఇంకో రెండు చుట్లు తిరిగి నిలిచింది.

"ఎంతవరకు రుద్దావే?"

"మొత్తం పోయేదాకా."

అమ్మ తన ఎడమచేతి చూపుడు వేలు కూతురి ముందు పెట్టింది. దాని కొన మీద చర్మం చింతగింజంత గట్టిగా ఉంది. "ఇది రావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇది రాకముందు రోజూ గుడ్డ మీద రక్తపు చుక్కలే, ఎన్ని జాకెట్లు పాడయ్యాయో. నువ్వు ఆ పిల్లకి మంచే చేశావు, కాదనను. ఈ సాయంత్రం ఆ పిల్ల బంక దేనితో రాస్తుంది మరి?"

"చదువుకునే పిల్లకి ఆ పని ఎందుకమ్మా?"

"అది నువ్వు నన్నడిగితే ఏం లాభం, నీ ట్యాబునడుగు," అని అమ్మ మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

ఆ మాటకి కోపం రావాలో సిగ్గుపడాలో తెలియక, చిన్న మేడం వంటింట్లోకి వెళ్ళి తాగడానికని ముంచుకున్న నీళ్ళు చేతిలోనే పట్టుకుని నిలబడింది.

శుక్రవారం చీమ రెండో గంటకి వచ్చింది. కుడిచేతి మూడు వేళ్ళకి పాతచీర పీలికలు చుట్టి ఉన్నాయి, ఎడమచేతికి రెండు.

"ఏమైందే?"

"బంక వేడిగా ఉంది మేడం." ఆ పిల్ల గొంతులో ఫిర్యాదు లేదు, ఏదో కొత్తగా కనుక్కున్నట్టు చెప్పింది. "రోజూ అంతే వేడిగా ఉంటుందట. నాకు నిన్ననే తెలిసింది."

గుడ్డ చుట్టిన వేలు ట్యాబుకి వేలే కాదు. చీమ చిటికెన వేలితో ప్రయత్నించింది. అది వంకరపోయి పక్క జవాబుకి తగిలింది. ముక్కు సంగతి తను ఎత్తలేదు, చిన్న మేడమూ ఎత్తలేదు, పెద్ద మేడం గదిలోనే ఉంది. సాయంత్రానికి ఆ పేరు మళ్ళీ ఎరుపు, మంగళవారంకంటే ఇంకో రెండు మెట్లు కిందికి.

చిన్న మేడం ఆ రోజంతా ఏ పని మొదలుపెట్టినా మధ్యలో వదిలేసింది. హాజరు సగం పిలిచి ఆపింది. నల్లబల్ల మీద తారీకు తప్పు రాస్తే పిల్లలు సరిచేశారు. సంగతి చెప్పేస్తే, తను తెచ్చిన ఆటే పనికిమాలినదని తేలుతుంది, సగం మార్కులు గాల్లో కలుస్తాయి. చెప్పకపోతే ఆ పిల్ల మెట్లు దిగుతుంది. ఇందులో ఆలోచించడానికి ఏముందని ఎవరైనా అనొచ్చు. ఆలోచించింది అది కాదు. బంక ఉంటే ట్యాబు వినదు, బంక పోతే వేలు కాలుతుంది. తను కనిపెట్టిన మంచి ఎక్కడ మొదలైంది, ఎక్కడ చెడ్డయింది, ఆ గీత ఎంత వెతికినా కనబడలేదు.

శనివారం కాలేజీ సారు వచ్చి ఆఖరి బెంచీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని మార్కుల పుస్తకం తెరిచాడు. పెద్ద మేడం తలుపు పక్కన కుర్చీ వేసుకుంది, ఒళ్ళో హాజరు పట్టీ. ట్యాబులు పంచారు. టింగు టింగుమని గది పక్షులు వాలిన చెట్టులా ఉంది. చీమ ఒక్కతీ చేతులు బల్ల కింద పెట్టుకుని, తెర మీద వచ్చిపోయే ప్రశ్నలను రైలు చూస్తున్నట్టు చూస్తోంది.

"ఏమ్మా, ఆ అమ్మాయి ఎందుకు చెయ్యట్లేదు?" అన్నాడు సారు.

ఒంట్లో బాగాలేదు సార్ అంటే చెల్లిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"ట్యాబు ఆ అమ్మాయి వేలిని గుర్తుపట్టదు సార్."

"వేలిని గుర్తుపట్టకపోవడమేంటి?" పెద్ద మేడం లేచింది. "జరుగమ్మా," అని చీమ పక్కన ఆ బుల్లి బెంచీలో కూర్చుని చూపుడు వేలు ఎత్తింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు సుద్ద పట్టిన వేలు, బీటలు వారి ఉంది. చిన్న మేడం ఆ వేలి వంకే చూసింది. ఈ వేలిని కూడా వినకపోతే చాలు, ఇంకెవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

టింగ్.

"ఇదిగో, బ్రహ్మాండంగా గుర్తుపట్టింది," అంది పెద్ద మేడం. పిల్లలు నవ్వారు. సారు ఏదో రాసుకున్నాడు. చిన్న మేడం దగ్గర ఉన్న ఒకే ఒక్క రుజువు అలా చేజారిపోయింది.

పెద్ద మేడం లేవబోతూ బల్ల కింద చేతులు చూసింది. "ఈ గుడ్డలేంటి?"

"బంక కాలింది మేడం."

"ఎన్నాళ్ళనుంచో చేస్తున్న పనేగా. ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడేంటి?"

చీమ ఒక్క క్షణం చిన్న మేడం వైపు చూసి చూపు తిప్పేసుకుంది. "చెయ్యి జారింది మేడం."

ఆ పిల్ల తన కోసం అబద్ధమాడింది. చిన్న మేడం నిలబడ్డ చోటనే మాట్లాడింది.

"జారలేదు మేడం. నేనే రుద్దాను, రాయితో. ఆ చర్మం ఉంటే ట్యాబు వినట్లేదు, పటం ఆకుపచ్చగా రావాలని మొత్తం ఊడదీశాను. ఆ చేతులతో ఇంటికెళ్ళి వేడి బంక ముట్టుకుంది."

సారు కలం ఆగింది. చిన్న మేడం చీమ నోటుపుస్తకం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. ఆయన నాలుగు పేజీలు తిప్పి, "మూడింట ఒకటీ నాలుగింట ఒకటీ కలిపితే ఎంతమ్మా?" అని అక్కణ్నుంచే అడిగాడు.

"పన్నెండింట ఏడు సార్." అడిగినంతసేపు కూడా పట్టలేదు.

"మరి మీ పటంలో రెండో తరగతని ఉందే. అంకె అబద్ధం చెబుతుందా?"

"అంకె అబద్ధం చెప్పలేదు సార్. అది దేన్ని లెక్కపెట్టిందో నాకు తెలీలేదు. ఇప్పటికీ సరిగ్గా తెలీదు. పెద్ద మేడం వేలికి పలికింది, ఈ పిల్ల వేలికి ఎందుకు పలకదో కూడా నేను చెప్పలేను."

పెద్ద మేడం ఆ బుల్లి బెంచీలోంచి లేవలేదు. హాజరు పట్టీలోంచి చీటీ తీసి, నాలుగు మడతలూ విప్పి, మొదటి పేరు మీద కలంతో అడ్డంగా గీత గీసింది. చీమ మెడ చాచి చూసి, గీత తన పేరు మీదే అని తెలిశాక, చేతులు నెమ్మదిగా బల్ల పైకి తెచ్చి పెట్టుకుంది.

చిన్న మేడం ఆ గీతను చూసింది. అయిపోయింది అనుకుంది. పెద్ద మేడం మాత్రం చీటీ మడవలేదు.

"మిగతా ఏడుగురి చేతులు చూశావా అమ్మాయ్?"

ఎత్తిపొడుపేమో అనుకుని ముఖం చూసింది చిన్న మేడం. కాదు. ఆవిడ నిజంగానే అడుగుతోంది.

"లేదు మేడం. వాళ్ళ పుస్తకాల్లో తప్పులున్నాయి. అందుకని..." ఆ అందుకని తర్వాత ఏముందో వెతికింది. "ఎరుపంటే ఎరుపే అనుకున్నాను."

"నేనూ చూడలేదు," అంది పెద్ద మేడం. చీటీని బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది, ఒకసారి చాలదన్నట్టు రెండుసార్లు. "ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఏడాదికి ఏడెనిమిది మంది." లెక్కల టీచరు అయ్యుండీ ఆ హెచ్చవేత పూర్తిచెయ్యలేదు. "ఇవాళ ఆఫీసులో ఇవ్వను. సోమవారం అడిగితే అప్పుడు చూద్దాం."

సారు గడియారం చూసుకున్నాడు. "పీరియడు ఇంకా పన్నెండు నిమిషాలుంది. నీ రికార్డులో ఫలితం అనే గడి ఖాళీగా ఉందమ్మా. ఏం చెయ్యబోతున్నావు?"

"తెలీదు సార్," అంది చిన్న మేడం.

చీటీలో రెండో పేరు కిటికీ పక్కన కూర్చునే పొడుగుపిల్లది. ఎత్తు తక్కువగా కనబడాలని ఎప్పుడూ వంగి కూర్చుంటుంది. చిన్న మేడం వెళ్ళి ఆ పిల్ల పక్కన బెంచీ కొసన సర్దుకుని కూర్చుంది.

"నువ్వెలా చేస్తావో నాకు చూపిస్తావా?"

"నావి తప్పులే వస్తాయి మేడం."

"రానీ."

పొడుగుపిల్ల ప్రశ్న మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ముందు వరసలో ఎవరిదో టింగుమంది. ఉలిక్కిపడి అటు చూసి మళ్ళీ మొదటి మాటకి వచ్చింది. వెనక ఇంకో టింగు. మళ్ళీ మొదటికి. మూడోసారి మొదలుపెట్టేలోగా గడువు అయిపోయింది. చప్పుడా? కావచ్చు. కాకపోతే, చదవడమే రాక చప్పుడు వంక పెట్టుకుంటోందా? అదీ కావచ్చు.

"అందరూ ట్యాబులు మూసెయ్యండి," అంది పెద్ద మేడం, ఎవరూ అడక్కుండానే.

గదిలో చప్పుడు అణిగింది. ఆఖరి బెంచీలో సారు మార్కుల పుస్తకం మోకాలి మీద తెరిచే పెట్టుకుని చూస్తున్నాడు. పొడుగుపిల్ల గొంతు సవరించుకుని, ఈసారి పైకి చదివింది. మొదటి మాట దాటింది. రెండో మాట దాటింది. మూడోదాని దగ్గర ఆగింది.

చిన్న మేడం అందించలేదు. ఆ పిల్ల ఆగిన చోట ఏముందో చూద్దామని తల వంచింది.